కాలి నరం, కాలిన చర్మం

నేను పరిశోధనలో చేరేనాటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. అప్పటికే పదేళ్ళుగా కడపలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతున్నాను. పిహెచ్‌డీ లేకపోతే ఉన్నచోటే ఉండిపోవాలని అర్థమయ్యాక ఉద్యోగానికి సెలవు పెట్టి యూనివర్సిటీలో చేరాను. మా గైడు నాకు అప్పగించిన పనిని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. గొర్రె కాళ్ళలోని నరాల నుంచి కొల్లాజెన్‌ను శుద్ధంగా వేరు చేయాలి.

కొల్లాజెన్ అంటే ఒంటిని పట్టి ఉంచే ప్రోటీన్. చర్మంలోనూ, ఎముకలోనూ, కండను ఎముకకు కట్టేసే తెల్లటి నరంలోనూ ఎక్కువగా ఉండేది అదే. దాని నిర్మాణం మూడు పేటలు కలిపి పేనిన తాడులా ఉంటుంది. ప్రయోగశాలల్లో కణాలు పెంచేవాళ్ళకు అది కావాలి. చాలా రకాల కణాలు ఉత్త గాజు మీద, ప్లాస్టిక్ మీద సరిగా నిలవవు. అడుగున పల్చగా కొల్లాజెన్ పూస్తే ఒంట్లో ఉన్నామనుకుని అతుక్కుని పెరుగుతాయి. ఆసుపత్రుల్లో కాలిన గాయాల మీద కప్పే పల్చటి పొరలు కూడా దానితోనే చేస్తారు. మా ల్యాబుకు కావలసిన చిన్న సీసా విదేశం నుంచి రావాలి, వచ్చేసరికి నెలలు పట్టేది. "ఊరినిండా గొర్రెల్ని పెట్టుకుని సీసా కోసం ఎదురుచూడటమేమిటి?" అనేవారు మా గైడు. నా పరిశోధన ఆ మాటతో మొదలైంది.

మటన్ అంగళ్ళలో అడిగితే, కాళ్ళూ తలకాయలూ తమ దగ్గర ఉండవని, మార్కెట్ వెనక సందులో దొరుకుతాయని చెప్పారు. ఆ సందులో ఒక రేకుల పంచ కింద అరవై దాటిన ముస్లిం స్త్రీ ఒకామె బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని గొర్రె కాళ్ళు కాలుస్తూ ఉండేది. అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అనేవాళ్ళు. నేనూ అదే పిలుపు అందుకున్నాను.

"ఏం కావాలమ్మా? తలకాయా, కాళ్ళా?"

"కాళ్ళలో నరాలు కావాల. అవి మాత్రం చాలు."

ఆమె కత్తి పక్కన పెట్టి నన్ను చూసింది. "నరాలా? కుక్కను సాకుతాండావా?"

"కాదు ఖాలా. చదువుకుంటాండా. దానికోసం."

"ఈ వయసులోనా," అంది. ఎగతాళిగా కాదు, లెక్క చూసుకుంటున్నట్టు. తర్వాత ఒక కాలు తీసుకుని, గిట్ట పైన కత్తితో చిన్న గాటు పెట్టి, రెండు వేళ్ళతో లాగింది. జానెడు నరం మెరుస్తూ బయటికొచ్చింది. నాకు ఆ పని రావడానికి మూడు వారాలు పట్టింది. అడ్డంగా కోస్తే తెగిపోతుంది, నిలువుగా గీస్తే జారి వస్తుంది. ముందు కాలికంటే వెనక కాలి నరం లావు. ముసలి గొర్రె నరం గట్టిగా ఉండి మాట వినదు, ఏడాది పిల్లది అయితే మెత్తగా వస్తుంది. ఇవేవీ నేను చదివిన పేపర్లలో లేవు.

ల్యాబులో నా పని మొత్తం చల్లగా జరగాలి. నరాలను సన్నగా తరిగి, ఉప్పునీళ్ళతో కడిగి, కొవ్వు తీసేసి, పల్చటి ఆసిడ్‌లో మూడు నాలుగు రోజులు ఫ్రిజ్‌లో నానబెట్టాలి. ఆ ఆసిడ్ వంటింటి వెనిగర్లో ఉండేదే. నరం నెమ్మదిగా కరిగి చిక్కటి జిగురవుతుంది. దానికి ఉప్పు కలిపితే కొల్లాజెన్ తెల్లగా విడిపోతుంది. దాన్ని మళ్ళీ కరిగించి, మళ్ళీ శుద్ధి చేయాలి. ఇంతలో ఎక్కడ వేడి తగిలినా తాడు పేటలు విడిపోతాయి. విడిపోతే అది ఇక కొల్లాజెన్ కాదు, మామూలు జెలటిన్.

కడపలో ఏప్రిల్ నెలలో చల్లగా పని చేయడమంటే ఏమిటో ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. మా ల్యాబులో బల్లలన్నీ నల్లటి నాపరాళ్ళు. మధ్యాహ్నానికి వాటి మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకుండా దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని, ఎవరైనా వచ్చి తెరుస్తారేమోనని. చేపల అంగడి నుంచి ఐసు తెచ్చి థర్మోకోల్ పెట్టెల్లో నింపేదాన్ని. ఆ ఐసు వాసన నా చేతులకు పట్టి ఉండేది. రాజంపేటలో మా అమ్మ ఫోన్లో, "చదువంటే పుస్తకాలనుకున్నా. ఇదేందే?" అనేది.

నాలుగు నెలల్లో ఆరుసార్లు చేశాను. ఆరోసారి తీసిన ద్రవం ఫ్రిజ్‌లో పెట్టిన మర్నాటికి చక్కగా గడ్డకట్టింది. గొట్టాన్ని తలకిందులు చేసినా జారలేదు. శుద్ధమైన కొల్లాజెన్ గడ్డకడుతుందని చదివాను కాబట్టి, వచ్చేసిందనుకుని గైడును పిలిచాను. ఆయన వచ్చి గొట్టాన్ని ఒకసారి చూసి, ఒంటి వేడి అంత గోరువెచ్చగా ఉన్న నీళ్ళలో ముంచారు. కొద్ది నిమిషాల్లో అది నీళ్ళయింది.

"కొల్లాజెన్ చల్లగా ఉంటే ద్రవంగా ఉంటుంది. ఉప్పూ ఆమ్లమూ సరిచేసి వెచ్చబెడితే గడ్డకడుతుంది. నీది దానికి తలకిందులు. ఇది జెలటినమ్మా. బజార్లో పొట్లాల్లో దొరుకుతుంది," అని వెళ్ళిపోయారు.

చదివిన విషయమే. చూడాలనుకున్నదే చూడటంతో మరిచిపోయాను. ఆ రోజంతా ఎక్కడ వేడి తగిలిందా అని నోటుబుక్కు తిరగేశాను. ఏమీ దొరకలేదు.

రెండు రోజుల తర్వాత నరాల కోసం సందుకు పోయినప్పుడు ఖాలా నా మొహం చూసి ఏమైందని అడిగింది. ఆమెకు ఎలా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పాను.

"చల్లగా పెడితే గట్టిపడతాది, వెచ్చగా పెడితే నీళ్ళయితాది. అంతే కదా?" అంది.

"అంతే."

"అది పాయా రసం కదమ్మా. మిగిలిన పాయాను పొద్దున చూడు, అట్లనే గడ్డగా ఉంటాది. పొయ్యి మీద పెడితే కరుగుతాది. నువ్వు చేసింది పాయా. ఉడకబెట్టినావేమో."

"నేను ఉడకబెట్టలేదు ఖాలా. మొదటి నుంచీ ఐసులోనే ఉంచినా."

"నువ్వు పెట్టలేదు. నేను పెట్టినా కదా," అంటూ తన పక్కనున్న గంగాళం చూపించింది.

అందులో నీళ్ళు కాగుతున్నాయి. ఆమె కాళ్ళను మంట మీద కాల్చి, ఆ వేడినీళ్ళలో ముంచి, వెంట్రుకలు గీకి, ఆ తర్వాతే నరాలు తీసుకోమని నాకు ఇచ్చేది. శుభ్రంగా ఇవ్వాలని. నాలుగు నెలలుగా నేను ఐసు పెట్టెలో మోసుకుపోతున్నది సగం ఉడికిన నరం. ప్రతివారం అదే గంగాళం పక్కన నిలబడి ఆమెతో మాట్లాడుతూ కూడా నేను దాన్ని చూడలేదు.

"పచ్చివి కావాలని ముందే చెప్పుంటే పచ్చివే ఇచ్చేదాన్ని," అంది ఖాలా. "అడిగితే కదా తెలిసేది."

ఆ తర్వాత తెల్లవారగానే వెళ్ళేదాన్ని. కాళ్ళు వచ్చిన వెంటనే, పొయ్యి రాజేయకముందే, ఇద్దరం కూర్చుని పచ్చి నరాలు తీసి ఐసులో వేసేవాళ్ళం. ఆసిడ్‌లో కరగడానికి ఈసారి ఎక్కువ రోజులు పట్టింది. శుద్ధి చేసిన ద్రవం మంచినీళ్ళలా తేటగా, కొంచెం సాగుతూ ఉంది. గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి గడియారం చూస్తూ నిలబడ్డాను. అరగంట గడిచేలోపు గొట్టంలో పల్చటి తెలుపు కమ్ముకుంది, పాలు విరిగేముందు కనిపించేలాంటి తెలుపు. వంచి చూశాను. జారలేదు. గైడు చూసి, "ఊఁ," అన్నారు. ఆయన దగ్గర అది పెద్ద మాట.

థీసిస్ చివర కృతజ్ఞతల్లో ఖాలా గురించి రెండు వాక్యాలు రాశాను. గైడు వాటిని కొట్టేసి, 'స్థానికంగా ముడిసరుకు అందజేసినవారికి' అని మార్చారు. అలా రాస్తేనే పద్ధతిగా ఉంటుందన్నారు. నేను ఎదురు చెప్పలేదు. ఆమె చదవలేదు కదా అని అప్పుడు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కారణం కాదని ఇప్పుడు తెలుసు.

డిగ్రీ వచ్చాక కర్నూలులో ఒక కాలేజీలో ఉద్యోగం దొరికి మకాం మార్చాను. ఖాలా కూతురిని కర్నూలు పాతబస్తీలో ఇచ్చారు. కడప వదిలేముందు ఆ అమ్మాయి నంబరు నాకిచ్చి, "అవసరమొస్తే ఒకరికొకరు ఉంటారు," అంది ఖాలా. ఏడాదిన్నరపాటు ఇద్దరికీ ఆ అవసరం రాలేదు.

బక్రీదు మర్నాడు మధ్యాహ్నం ఆ నంబరు నుంచి ఫోనొచ్చింది. ఖాలా పండగకు కూతురింటికి వచ్చింది. పండగనాడు ప్రతి ఇంట్లోనూ కాళ్ళూ తలకాయలూ కాల్చేది ఉంటుంది. ఆ పని చేతనైనవాళ్ళు ఆ రెండు రోజులు తీరిక లేకుండా ఉంటారు. కడపలో ఆమెది బొగ్గుల పొయ్యి. ఇక్కడ అల్లుడు గ్యాసు గొట్టంతో కాల్చే మంట తెచ్చిపెట్టాడు. గొట్టం బిగింపు దగ్గర ఊడి, మంట ఒక్కసారిగా వెనక్కి కొట్టింది. కుడి ముంజేయి, చెయ్యి వెనక భాగం, మెడ కింద కొంచెం కాలాయి.

ఆసుపత్రిలో కాలినవాళ్ళ వార్డు చివర ఒక మంచం మీద ఆమె కూర్చుని ఉంది. పడుకోమంటే పడుకోలేదట. నన్ను చూడగానే, "బొగ్గులైతే నాకు అలవాటు తల్లీ. ఇది కొత్తది," అంది, ఎవరినీ తప్పు పట్టకుండా.

డ్యూటీ డాక్టరు నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. కాలిన గాయం పైపైనే ఉందని, బొబ్బలు శుభ్రం చేసి దాని మీద కొల్లాజెన్ పొర పరుస్తామని చెప్పాడు. అది గాయానికి అతుక్కుని కిందనున్న పచ్చి చర్మాన్ని కప్పి ఉంచుతుంది. గాలి తగలకపోతే నొప్పి తగ్గుతుంది. రోజూ కట్టు విప్పనక్కర్లేదు. కింద కొత్త చర్మం వచ్చేకొద్దీ పొర అంచుల నుంచి ఎండి లేచి వస్తుంది. గాయం శుభ్రంగా ఉన్నప్పుడు, కాలిన ఒకటి రెండు రోజుల్లోనే పెట్టాలి. చీము పట్టాక పెడితే లాభం లేదు.

సిస్టర్ తెచ్చిన పొట్లం నా చేతికి తీసుకుని చూశాను. లోపల మందులో తడిసి, గాజుకాగితంలా కనబడే పల్చటి పొర. నాలుగేళ్ళు నేను చిన్న గొట్టాల్లో చేసిన పదార్థమే, ఎక్కడో పెద్ద యంత్రాల మీద పొరలుగా తయారై వచ్చింది. మనిషి ఒంటి మీద పెట్టడం చూడటం నాకు అదే మొదటిసారి.

"ఇది నువ్వు చేసేదే కదా?" అంది ఖాలా.

"అట్లాంటిదే. నేను గొర్రెతో చేసినా. ఇది గొడ్డు చర్మంతో చేసిందని రాసుండాది."

"యాడ కోసినారో, ఎవరు కోసినారో?"

"అది రాయలేదు ఖాలా."

ఆమె కొద్దిసేపు ఆలోచించింది. కూతురు ఏదో చెప్పబోతే చేయి చూపించి ఆపింది. "తినేదానికి కాదు కదా. మందుకు. పెట్టమని చెప్పు," అంది.

ఈ మాటలన్నీ మామూలు గొంతుతోనే మాట్లాడుకున్నాం. వార్డులో మంచాలు దగ్గరదగ్గరగా ఉంటాయన్న సంగతి నాకు గుర్తులేదు.

పక్క మంచం మీద ఉన్నది ఆ రోజు పొద్దున వచ్చిన ఇరవై ఐదేళ్ళ అమ్మాయి. కోసిగి వైపు నుంచి కర్నూలు దగ్గర రోడ్డు పనికి వచ్చిన కూలీల గుంపులో ఆమె, ఆమె మొగుడు, అత్త ఉన్నారు. గుంపు మొత్తానికి అన్నం వండి గంజి వారుస్తుంటే గుండిగ చేజారి, ఎడమ చెయ్యి మొత్తం, మెడ, రొమ్ము పైభాగం ఉడికిపోయాయి. మొగుడు పని దగ్గరే ఉన్నాడు. తోడుగా అత్త ఉంది. ఆ అమ్మాయికి కూడా అదే పొర పెట్టాలని డాక్టరు అప్పటికే రాసి ఉన్నాడు.

"ఏమ్మా," అంది ఆ అత్త నన్ను పిలిచి. "ఆ కాయితం మాదిరి ఉండేది ఏమి జంతువుది అంటివి?"

నేను అబద్ధం చెప్పలేదు. చెప్పకుండా తప్పించుకోవడం కూడా తోచలేదు. గొడ్డు చర్మం నుంచి తీసిందని, శుద్ధి చేసిందని చెప్పాను.

ఆమె లేచి నిలబడింది. చెయ్యెత్తు మనిషి, ఎండకు నల్లబడిన మొహం. గొంతు పెంచలేదు.

"మావి రెండెద్దులు ఉండె. ఏరువాకకు కొమ్ములకు రంగేసి, వాటికి మొక్కి, ఆ తర్వాతే మేము తినేవాళ్ళం. మూడేండ్లు వాన లేకపాయ. మేత లేక ఎమ్మిగనూరు సంతలో అమ్మితిమి. కొన్నోళ్ళు సేద్యానికని చెప్పినారు. యాడికి పోయినాయో నాకు తెలుసు. ఇప్పుడు ఆ తోలు తెచ్చి నా కోడలికి అంటిస్తారా?"

డాక్టరు వచ్చి రెండుసార్లు నచ్చజెప్పాడు. ఇష్టం లేకపోతే బలవంతం లేదని, మామూలు మందు పూసి కట్టు కడతామని చెప్పాడు. ఆమె వద్దన్నట్టుగా కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆ కోడలు కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. నొప్పికి ఇచ్చిన మందు మత్తులో ఉందనుకున్నాం. ఆమెను ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

నేను వెళ్ళిపోతుంటే సిస్టర్ తన బల్ల దగ్గర ఆపింది.

"మీరు చదువుకున్నోళ్ళు మేడం. ఎవరైనా అడిగితే మందు అనాల. అంతకంటే ఎందుకు?"

"ఆమె అడిగింది కదా సిస్టర్."

"అడుగుతారు. రేపటి నుంచి రోజూ కట్టు విప్పాల. విప్పినప్పుడల్లా ఆ పిల్ల అరుస్తాది. విప్పేది నేను. మీరు కాదు."

అది నిజం. నేను తల ఊపి వచ్చేశాను.

మర్నాడు సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా వెళ్ళాను. ఖాలా చేతి మీద పొర బిగిసి అతుక్కుని ఉంది. అన్నం ఎడమచేత్తో తినలేక కూతురితో తినిపించుకుంటోంది. పక్క మంచం చుట్టూ ఆకుపచ్చ తెర లాగారు. సిస్టర్ కట్టు విప్పుతోంది. గాజు గుడ్డ గాయానికి అంటుకుని ఉంటుంది. తడిపి తడిపి తీసినా పచ్చి చర్మం దానితో వస్తుంది. ఆ అమ్మాయి పెద్దగా అరవలేదు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటూ ఉంది. "నిదానం అక్కా, నిదానం." అత్త తెర బయట గోడవైపు తిరిగి నిలబడింది. ఖాలా తినడం ఆపేసింది.

మూడో రోజు నేను వెళ్ళేసరికి ఖాలా, పక్క మంచం అమ్మాయి మాట్లాడుకుంటున్నారు. ఖాలా తన చెయ్యి చూపిస్తోంది. నన్ను చూసి ఆ అమ్మాయి అడిగింది.

"అక్కా, అది పెడితే రోజూ విప్పరంట కదా?"

"పుండు శుభ్రంగా ఉంటే విప్పరు."

"అది గొడ్డుదే కదా?"

"అవును. వెంట్రుక, నెత్తురు, కొవ్వు అన్నీ తీసేసి ఉంటారు. అయినా గొడ్డుదే."

"ఎప్పటికీ నా ఒంట్లోనే ఉండిపోతాదా?"

"లేదు. కింద నీ చర్మం వచ్చేకొద్దీ అది ఎండి ఊడిపోతుంది. పని అయ్యేదాకానే ఉంటుంది."

కాసేపటికి డాక్టరు వచ్చాడు. అత్త కూడా మంచం పక్కనే ఉంది. "నాకు అది పెట్టండి సార్," అంది ఆ అమ్మాయి.

"నేను వద్దని ఏలిముద్ర ఏసినా కదా," అంది అత్త.

"కాలింది నా తోలు అత్తా. నన్ను ఎవరూ అడగలేదు."

డాక్టరు ఒకసారి అత్త వైపు చూసి, తర్వాత కోడలితోనే మాట్లాడాడు. గాయాలు విప్పి చూశాడు. మెడ, రొమ్ము మీద గాయం ఇంకా శుభ్రంగానే ఉంది. చేతి మీద మోచేయి నుంచి కిందికి పసుపుపచ్చగా చీము పట్టింది. మెడకూ రొమ్ముకూ పొర పెడతానని, చేతికి ఇక పెట్టడం కుదరదని చెప్పాడు. "రెండు రోజుల ముందు అయ్యుంటే..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆపి, వేరే కాగితం రాసుకున్నాడు.

అత్త బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆమే అంది.

"చెప్పకుండా పెట్టింటే సరిపోయేది కదమ్మా. నాకు తెలవకుండా పోయేది."

చెప్పడం తప్పని నాకు అప్పుడు అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. కానీ నేను చెప్పవలసిన మనిషికి కాకుండా, అడిగిన మనిషికి మాత్రమే చెప్పాను. రెండు మంచాల మధ్య ఒక్క అడుగు అవతలికి వేసి, "నీకేం కావాలమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగి ఉండాల్సింది. గంగాళం పక్కన నిలబడి గంగాళాన్ని చూడనట్టే, ఆమెను చూడలేదు. ఈ సంగతి మెట్ల మీద అత్తకు చెప్పలేదు. టీ తెస్తానన్నాను, వద్దంది.

ఖాలా చేతి మీద పొర పదో రోజుకల్లా అంచుల దగ్గర లేచింది. సిస్టర్ రోజూ లేచినంత మేర కత్తెరతో కత్తిరించేది. రెండు వారాలకు మొత్తం ఊడిపోయింది. కింద లేత రంగు చర్మం, ఆమె మిగతా చేతికంటే రెండు ఛాయలు తెల్లగా. దాన్ని తిప్పి తిప్పి చూసుకుని, "ఈ చెయ్యి వేరేవాళ్ళది మాదిరి ఉండాది," అని కడపకు వెళ్ళిపోయింది. కాళ్ళు కాల్చే పని ఆమె ఇప్పటికీ చేస్తుంది. బొగ్గుల మీదే.

కోసిగి అమ్మాయి ఆసుపత్రిలో నెలకు పైగా ఉంది. మెడ మీద, రొమ్ము మీద గాయం మచ్చ కూడా సరిగా తెలియకుండా మానింది. చేతికి తొడ నుంచి చర్మం తీసి అతికించవలసి వచ్చింది. అది మానేటప్పుడు మోచేయి దగ్గర ముడుచుకుని, చెయ్యి నిటారుగా చాపలేకపోయింది. పొర రెండు రోజుల ముందే పెట్టి ఉంటే చేతికి ఇంత జరిగేది కాదా అని డాక్టరును తర్వాత ఒకసారి అడిగాను. "కావచ్చు, కాకపోవచ్చు. చేతి మీద లోతు ఎక్కువ," అన్నాడు. నా కోసం అన్నాడో, ఉన్నమాటే అన్నాడో తెలుసుకునే మార్గం లేదు.

ఆ నెలలోనే నేను ఒక పేజీ తెలుగులో రాసి ఆయనకు ఇచ్చాను. ఈ పొర ఏమిటి, ఏ జంతువు నుంచి వస్తుంది, ఎలా శుద్ధి చేస్తారు, వద్దనుకుంటే వేరే ఏం చేయొచ్చు, దానివల్ల తేడా ఏముంటుంది. నాలుగుసార్లు తిరగరాశాను. మొదటిసారి రాసినదాంట్లో మా పాఠ్యపుస్తకం మాటలే ఎక్కువున్నాయి. ఆయన చదివి, "ఇది చదివేదెవరు మేడం? మా పేషెంట్లలో సగం మందికి చదువు రాదు," అన్నాడు. ఆ బల్ల దగ్గరే ఉన్న సిస్టర్ కాగితం తీసుకుంది. "నేను చదివి వినిపిస్తా. పేషెంటుకు. పక్కనోళ్ళకు కాదు," అంది. అప్పటి నుంచి ఆమె నాతో కొంచెం మెత్తగా మాట్లాడింది. విన్నవాళ్ళలో కొందరు వద్దన్నారట. ఎక్కువమంది, "తగ్గుతాదా?" అని మాత్రం అడిగారట.

దసరా అయిన తర్వాత ఒక రోజు కర్నూలు బస్టాండులో ఆ అత్తాకోడళ్ళు కనిపించారు. ఆసుపత్రిలో చూపించుకుని ఊరికి వెళ్తున్నారు. కోడలు పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది. నన్ను గుర్తుపట్టి నవ్వింది. చెయ్యి చాపి చూపించింది. ముప్పాతిక వంతు సాగుతోంది.

"మిరపకాయలు కోసేదానికి గుంటూరు దిక్కు పోతాండాం అక్కా, ఇంకో రెండు నెలలకు. ఎండ తగిలితే ఏమన్నా అయితాదా?"

"కప్పుకో. కొత్త చర్మం తొందరగా మాడుతుంది. బరువు ఎత్తగలవా?"

"కుడిచేత్తో ఎత్తుతా. ఎడమది పట్టుకునేదానికి ఉంటాది."

అత్త సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి, కోడలి జాకెట్టు చెయ్యి పైకి మడిచి, మచ్చ మీద నూనె రాసి రుద్దడం మొదలుపెట్టింది. తర్వాత మోచేతి కింద తన అరచేయి పెట్టి, ఆసుపత్రిలో నేర్పినట్టు నెమ్మదిగా వంచి, నెమ్మదిగా చాపింది. కోడలి మొహం బిగుసుకుంది. ఆమె ఆగి, మొహం విప్పారేదాకా చూసి, మళ్ళీ చాపింది. రోజుకు మూడుసార్లు చేస్తుందట.

నేను వెళ్ళొస్తానని లేచాను.

"కోసిగి బస్సుకు ఇంకా టైముండాది," అంది అత్త తల ఎత్తకుండా. "కూచో."

బల్ల మీద ఆమె జరిగి ఇచ్చిన చోట కూర్చున్నాను. బస్సు వచ్చేదాకా ఆమె ఆ చేతిని వంచుతూ, చాపుతూనే ఉంది.